అమ్మానాన్నల బాధ్యత ఎంతవరకు? యూదు ధర్మశాస్త్రం వేసిన లెక్కలు

"దేవుడు అన్నిచోట్లా ఉండలేక అమ్మను సృష్టించాడు", కింద "యూదు సామెత" అని. మదర్స్ డే వచ్చిందంటే ఈ ఫార్వర్డ్ మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. యూదు పండితుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లో ఆ మాట లేదు. ఉండటానికి వీలూ లేదు, ఎందుకంటే దేవుడు ఉండలేని చోటు ఒకటుందనడం ఆ మతం నేర్పే మొదటి పాఠానికే అడ్డం తగులుతుంది. అసలు అమ్మానాన్నల గురించి యూదు గ్రంథాలు మాట్లాడే పద్ధతే వేరు. అమ్మ మీద కవిత్వం అక్కడ పెద్దగా దొరకదు. దొరికేవన్నీ ఇలాంటి ప్రశ్నలు: ముసలి తండ్రి ఖర్చు ఎవరి డబ్బుతో పెట్టాలి? అమ్మా నాన్నా ఒకేసారి మంచినీళ్ళు అడిగితే ముందు ఎవరికివ్వాలి? మతి తప్పిన తల్లిని చూసుకోలేక వేరే మనిషిని పెడితే తప్పా? నాన్న వద్దన్న అమ్మాయిని చేసుకోవచ్చా?

మన ఇళ్ళల్లో కూడా ఇవే ప్రశ్నలు. కాకపోతే మనం వాటిని రాత్రిపూట గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం, తెల్లారితే మాట్లాడనట్టు ఉంటాం. యూదు పండితులు మాత్రం వీటిని కోర్టు కేసుల్లాగా బల్ల మీద పెట్టి, దాదాపు రెండు వేల ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. తీర్పులు కూడా ఒకేలా లేవు, ఓడిపోయిన వాదనను కొట్టేయకుండా పక్కనే రాసి ఉంచారు. అందుకే "యూదు మతం తల్లిదండ్రుల గురించి ఏం చెబుతుంది?" అంటే ఒక్క ముక్కలో జవాబు రాదు.

## ముందు పుస్తకాల సంగతి

యూదుల మూలగ్రంథం తోరా. తెలుగు బైబిలు చదివినవాళ్ళకు ఆదికాండము నుంచి ద్వితీయోపదేశకాండము వరకు ఉన్న ఐదు కాండాలే అవి. తోరా ఆజ్ఞ ఇస్తుంది, అది ఎలా చేయాలో చాలాచోట్ల చెప్పదు. ఆ "ఎలా" మీద నోటిమాటగా సాగిన చర్చను క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ (యూదు మతగురువు) యెహూదా హనాసీ ఒక చోట చేర్చాడు, అది మిష్నా. మిష్నా మీద పాలస్తీనా పండితులు చేసిన చర్చ యెరూషలేము తాల్ముద్, బాబిలోనియా (అంటే నేటి ఇరాక్) పండితులు చేసిన చర్చ బాబిలోను తాల్ముద్. రెండోది పెద్దది, దానికే ఎక్కువ విలువ.

తాల్ముద్ చదివితే చివరికి ఏం చేయాలో తేలడం కష్టం. అందుకని తర్వాతి వాళ్ళు నియమాలను వరుసగా పేర్చి పుస్తకాలు రాశారు. వాటిలో మనకు కావలసినవి రెండు. ఒకటి, 12వ శతాబ్దంలో ఈజిప్టులో స్థిరపడిన రంబాం (ప్రపంచానికి మైమోనిడెస్) రాసిన మిష్నే తోరా. రెండోది, యోసెఫ్ కారో రాయగా 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్ఖాన్ ఆరుఖ్. ఈ రెండో దానికి పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉన్న రబ్బీ మోషే ఇస్సెర్లెస్ పక్కనే తన సవరణలు చేర్చాడు. ఆయన్ని రెమా అంటారు. ఈ మొత్తం నియమావళికి హలాఖా అని పేరు. ఇంత తెలిస్తే చాలు.

## ప్రేమించమని ఆజ్ఞ లేదు

పది ఆజ్ఞల్లో యూదుల లెక్క ప్రకారం ఐదోది తండ్రినీ తల్లినీ సన్మానించమంటుంది (నిర్గమకాండము 20:12). లేవీయకాండము 19:3 ఇంకో మెట్టు ఎక్కి తల్లికీ తండ్రికీ భయపడమంటుంది. అయితే అదే తోరా దేవుణ్ణి ప్రేమించమంది, పొరుగువాణ్ణి ప్రేమించమంది, పరదేశిని కూడా ప్రేమించమంది. అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే ఎత్తలేదు.

ఇది మర్చిపోయి వదిలేసింది కాదని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. ప్రేమ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగకూడదు. అమ్మతో చిన్నప్పటినుంచీ సరిపడని కూతురు ఉందనుకోండి. ఆమెను "నీ మనసులో ప్రేమ పుట్టించుకో" అని ఏ కోర్టూ ఆదేశించలేదు, "ఆమెకు పూటకి అన్నం అందేలా చూడు" అని ఆదేశించగలదు. హలాఖా పట్టుకున్నది ఈ రెండోదాన్ని.

రెండు వాక్యాల్లో వరుస కూడా తేడాగా ఉంటుంది. సన్మానం అన్నచోట తండ్రి ముందు, భయం అన్నచోట తల్లి ముందు. తాల్ముద్ దీనికి చెప్పిన కారణం సరదాగా ఉంటుంది: తల్లి మాటలతో బుజ్జగిస్తుంది కాబట్టి పిల్లలు మామూలుగా ఆమెను ఎక్కువ గౌరవిస్తారు, తండ్రి పాఠం చెబుతాడు కాబట్టి ఆయనకు ఎక్కువ భయపడతారు. అందుకని ఏది తక్కువ పడుతుందో దాన్ని ముందు రాశారట.

## గౌరవం అంటే ఏ పని, భయం అంటే ఏ పని

బాబిలోను తాల్ముద్‌లో కిద్దుషీన్ అనే భాగం ఉంది. పెళ్ళి నియమాల భాగం అది, కానీ ఈ చర్చ ఎక్కువగా నడిచేది అక్కడే. భయం అంటే ఏమిటి? తండ్రి నిలబడే చోట నిలబడకపోవడం, ఆయన కూర్చునే చోట కూర్చోకపోవడం, ఆయన మాటను కొట్టేయకపోవడం, ఆయన వాదంలో తీర్పరిగా దిగకపోవడం. గౌరవం అంటే? తినిపించడం, తాగించడం, బట్టలు తొడగడం, దుప్పటి కప్పడం, చేయి పట్టుకుని లోపలికి తేవడం, బయటికి తీసుకెళ్ళడం. పాదాభివందనం లాంటిదేమీ ఈ జాబితాలో లేదు. చూస్తే అచ్చంగా మంచంపట్టిన మనిషికి చేసే సేవల పట్టిక ఇది.

అయితే పట్టిక ప్రకారం చేసేస్తే అయిపోయినట్టా? కాదనడానికి ఒక విచిత్రమైన వాక్యం ఉంది: ఒకడు తండ్రికి ఖరీదైన పక్షి మాంసం పెట్టి నరకానికి పోతాడు, ఇంకొకడు తండ్రిని తిరగలి దగ్గర కూర్చోబెట్టి స్వర్గానికి పోతాడు. యెరూషలేము తాల్ముద్ దీన్ని కథగా విప్పింది. మొదటివాడు తండ్రికి బలిసిన కోళ్ళు వండి పెట్టేవాడు. "ఇవి నీకు ఎక్కడివిరా?" అని తండ్రి అడిగితే "నోరు మూసుకుని తిను ముసలోడా, కుక్కలు కూడా తినేటప్పుడు నోరు మూసుకునే తింటాయి" అన్నాడు. రెండోవాడు తిరగలి పని చేసుకునేవాడు. రాజు దగ్గరనుంచి తిరగలి పనివాళ్ళకు వెట్టికి పిలుపు వచ్చింది. "నాన్నా, నువ్వు ఇక్కడ నా తిరగలి తిప్పు, నీ పేర నేను వెళతాను. అక్కడ అవమానం జరిగినా దెబ్బలు పడినా నాకే పడనీ" అన్నాడు.

పక్షి మాంసం పెట్టినవాడు పట్టికలో మొదటి పని సరిగ్గా చేశాడు. అయినా తప్పాడు. అంటే మనసు చూడబోమని మొదలుపెట్టిన శాస్త్రం కూడా గొంతును, ముఖాన్ని లెక్కలోకి తీసుకోక తప్పలేదు.

## ఖర్చు ఎవరిది

తినిపించాలి సరే, డబ్బు ఎవరిది? బాబిలోను తాల్ముద్‌లో రెండు పక్షాలు. కొడుకుది అని ఒక మాట, తండ్రిదే అని ఇంకో మాట. తండ్రిది అన్న పక్షం నెగ్గింది. యెరూషలేము తాల్ముద్ మాత్రం బిచ్చమెత్తి అయినా పెట్టాల్సిందే అనే వైపు మొగ్గుతుంది. షుల్ఖాన్ ఆరుఖ్ నాటికి తేలింది ఇది: ముందు తల్లిదండ్రుల సొంత డబ్బు వాడాలి. వాళ్ళకు లేక, పిల్లలకు ఉంటే, పిల్లలు ఇచ్చి తీరాలి, కోర్టు ఒత్తిడి చేయవచ్చు. మరి పిల్లలు ఎక్కువమంది ఉంటే? రెమా చేర్చిన సవరణ: ఆస్తిని బట్టి పంచాలి. కొందరు ఉన్నవాళ్ళు, కొందరు లేనివాళ్ళు అయితే ఉన్నవాళ్ళ మీదే పడుతుంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఒక ముసలామె. నెల ఖర్చు 6,000 షెకెళ్ళు, ఆమెకు వచ్చే పెన్షను 4,000. ఆ 4,000 ముందు ఖర్చవుతుంది, "అమ్మ డబ్బు ముట్టుకోకూడదు" అని పిల్లలు బెట్టు చేయక్కర్లేదు. మిగిలింది 2,000. ముగ్గురు పిల్లలు: ఒకరు కంపెనీ నడుపుతున్నారు, ఒకరు బాగానే సంపాదిస్తున్నారు, ఇంకొకరు అప్పుల్లో ఉన్నారు. తలా 667 అని సమానంగా కోస్తే రెమా ఒప్పుకోడు. మొదటివారు 1,400, రెండోవారు 600, మూడోవారు సున్నా అనే పంపకం ఆయన పద్ధతికి దగ్గర.

కానీ మూడోవారు తప్పించుకున్నట్టు కాదు. డబ్బు విషయంలో ఇంత ఉదారంగా ఉన్న శాస్త్రం ఒళ్ళు వంచే విషయంలో గట్టిగా ఉంటుంది. సేవ కోసం కూలి పోగొట్టుకోవాల్సి వచ్చినా చేయాలి, ఆ రోజుకు తిండి ఉంటే చాలు. ఆ రోజుకే తిండి లేకపోతే మినహాయింపు. ఉన్నవాడు ఆన్‌లైన్లో డబ్బు పంపి ఊరుకుంటే, లేనివాడు హాస్పిటల్ చుట్టూ తిరిగితే, ఇద్దరూ తమ తమ వంతు చేసినట్టేనా? పుస్తకం ప్రకారం శరీరంతో చేసే బాధ్యత ఉన్నవాడి మీద కూడా ఉంది. మన దేశంలో తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో తెచ్చిన చట్టం కూడా సొంత సంపాదనతోనో ఆస్తితోనో బతకలేని పెద్దలకే పిల్లల నుంచి భరణం ఇప్పిస్తుంది. డబ్బు వరకు ఆలోచన దగ్గరదగ్గరగా ఉంది, ఒంటి చాకిరీ సంగతి మాత్రం ఏ చట్టం రాయగలదు?

## దామా కథ, దాని ఇబ్బంది

"ఎంతవరకు గౌరవించాలి?" అని అడిగినప్పుడు తాల్ముద్ పండితులు చూపించిన మనిషి యూదుడు కాడు. అష్కెలోను ఊళ్ళో ఉండే దామా బెన్ నెతీనా అనే అన్యమతస్థుడు. దేవాలయం పూజారి వస్త్రానికి రత్నాలు కావాలని పండితులు ఆయన దగ్గరకు వచ్చారు. బేరం కుదిరితే లాభం ఆరు లక్షలు, ఇంకొకరి లెక్కలో ఎనిమిది లక్షలు. పెట్టె తాళం చెవి నిద్రపోతున్న తండ్రి తలకింద ఉంది. దామా లేపలేదు, బేరం పోయింది. మరుసటి ఏడు ఆయన మందలో ఎర్ర ఆవుదూడ పుట్టింది, అది యూదుల శుద్ధి కర్మకు అవసరమైన అరుదైన పశువు. "నేను ఎంత అడిగినా ఇస్తారని తెలుసు, కానీ ఆ రోజు నాన్న కోసం పోగొట్టుకున్నంతే తీసుకుంటాను" అన్నాడట.

ఇదే దామా గురించి ఇంకో సంగతి. ఆయన రోము పెద్దమనుషుల మధ్య జరీ పట్టు వస్త్రం కట్టుకుని కూర్చుంటే తల్లి వచ్చి దాన్ని చింపి, తలమీద కొట్టి, మొహం మీద ఉమ్మింది. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు.

రబ్బీ తర్ఫోను అనే పెద్దాయన తల్లి మంచం ఎక్కడానికి తాను వంగి వీపు ఇచ్చేవాడు. ఆ సంగతి బడిలో గొప్పగా చెప్పుకుంటే, "సగం కూడా చేరలేదు నువ్వు. ఆమె నీ ఎదుటే డబ్బు సంచి సముద్రంలో పారేస్తే ఏమీ అనకుండా ఉన్నావా?" అన్నారు మిగతావాళ్ళు.

వినడానికి బాగుంటాయి, పాటించబోతే ప్రాణం మీదికొస్తాయి. ఇవి కనీస ప్రమాణమా, ఆకాశంలో పెట్టిన గురుతా అన్నదాని మీద వాదన ఉంది. రంబాం వీటిని నియమాల పుస్తకంలోనే రాశాడు. కానీ అదే అధ్యాయంలో, కొన్ని పంక్తుల తేడాతో, తల్లిదండ్రులు పిల్లల మీద బరువైన కాడి వేయకూడదనీ, తమ గౌరవం గురించి పట్టుబట్టకుండా చూసీ చూడనట్టు పోవాలనీ కూడా రాశాడు. నా ఉద్దేశంలో ఈ రెండూ కలిపి చదవాల్సినవే, ఒక్కటే కత్తిరించి ఫార్వర్డ్ చేస్తే పిల్లల మెడకు ఉరి అవుతుంది.

## రవ్ అస్సీ తల్లి

మొత్తం చర్చలో నన్ను అన్నింటికంటే ఎక్కువ పట్టుకున్నది ఈ భాగం. రవ్ అస్సీ బాబిలోనియా పండితుడు. ముసలి తల్లి ఉంది. నాకు నగలు కావాలంది, చేయించాడు. నాకు మొగుడు కావాలంది, "చూస్తానమ్మా" అన్నాడు. నీ అంత అందగాడైన మొగుడు కావాలంది. ఆ మాటతో ఆయన ఆమెను వదిలి పాలస్తీనాకు వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు తల్లి తన వెనకే బయల్దేరిందని తెలిసింది. గురువు రబ్బీ యోహానాను దగ్గరకు వెళ్ళి, పవిత్రదేశం దాటి బయటికి వెళ్ళవచ్చా అని అడిగాడు. వెళ్ళకూడదు. తల్లికి ఎదురెళ్ళడానికైతే? "నాకు తెలియదు" అన్నాడు గురువు. అంత పెద్దాయన నోట "తెలియదు" వచ్చింది. అస్సీ కాసేపు ఆగి మళ్ళీ వచ్చాడు. "వెళ్ళాలనే నిర్ణయించుకున్నావు, క్షేమంగా తిరిగి రా" అన్నాడు గురువు. కోప్పడ్డాడేమోనని అస్సీకి టెన్షన్. ఇంకో పండితుడి దగ్గరకు వెళ్ళి చెప్పుకుంటే, కోపం ఉంటే దీవించడు కదా అని ఆయన సముదాయించాడు. ఈలోగా వార్త వచ్చింది, వస్తున్నది తల్లి కాదు, ఆమె శవపేటిక అని. "తెలిసుంటే బయల్దేరేవాణ్ణి కాదు" అన్నాడు అస్సీ. కథ అక్కడితో అయిపోయింది, తాల్ముద్ ఏ వ్యాఖ్యా చేయలేదు.

ఈ కథ నుంచి రంబాం ఒక నియమం తీశాడు. తండ్రికో తల్లికో మతి చెడితే వాళ్ళ స్థితికి తగ్గట్టు నడుచుకోవడానికి ప్రయత్నించాలి. మరీ ముదిరి తట్టుకోలేకపోతే, వాళ్ళను తగినట్టు చూసుకోమని ఇతరులకు అప్పగించి తాను వెళ్ళిపోవచ్చు. అదే కాలంలో ఫ్రాన్సు దక్షిణాన ఉన్న రబ్బీ అబ్రాహాము బెన్ దావీదు దీన్ని ఒప్పుకోలేదు. కన్నకొడుకే వదిలేసి పోతే ఇంకెవరికి అప్పగిస్తాడు అన్నది ఆయన ప్రశ్న. రంబాం పక్షాన తర్వాతి వ్యాఖ్యాతలు చెప్పిన సమాధానం ఆలోచించదగ్గది: మతి తప్పిన మనిషిని ఒక్కోసారి గద్దించాల్సి వస్తుంది, పట్టి ఆపాల్సి వస్తుంది, ఆ పని పరాయివాడు చేయగలడు, కొడుకు చేస్తే అది ఆజ్ఞ దాటడం అవుతుంది.

ఇవాళ అల్జీమర్స్ వచ్చిన తల్లిని కేర్ హోంలో చేర్చాలా వద్దా అని అడిగే యూదు కుటుంబాలకు రబ్బీలు చూపించేది ఈ పేజీనే. చేర్చవచ్చు అనేవాళ్ళు రంబాంను పట్టుకుంటారు. "చేర్చావు సరే, వారానికి ఎన్నిసార్లు వెళుతున్నావు?" అని అడిగేవాళ్ళు రెండో ఆయన అనుమానాన్ని పట్టుకుంటారు. ఈ వాదనకు మనతో కూడా ఒక తీగ ఉంది. ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళ ఇంట్లోనే ఉండి చూసుకునే కేర్‌గివర్లలో విదేశీయులు చాలామంది. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళలో కేరళవాళ్ళు ఎక్కువ, తెలంగాణ, ఆంధ్ర వాళ్ళూ ఉన్నారు. రంబాం చెప్పిన "ఇతరులు" వీళ్ళే. వీళ్ళ సొంత అమ్మానాన్నలు ఇక్కడ ఊళ్ళో నెలనెలా వచ్చే డబ్బుతో, ఇంకెవరి చేతి సాయంతోనో బతుకుతుంటారు. ఆ లెక్క ఏ రబ్బీ పుస్తకంలోనూ వేసి లేదు.

## కాదనగల చోట్లు

లేవీయకాండము వాక్యం తల్లిదండ్రులకు భయపడమన్న వెంటనే విశ్రాంతిదినాన్ని పాటించమంటుంది. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి కాబట్టి, తండ్రి షబ్బాత్ మీరమన్నా వినకూడదని తీర్పు. అమ్మానాన్నలు కూడా ఆ పైవాడి ఆజ్ఞ కిందే ఉన్నారన్నది దీని వెనక తర్కం. మిష్నా ఇంకో ఉదాహరణ ఇస్తుంది: దారిలో ఎవరిదో వస్తువు దొరికింది, తిరిగి ఇచ్చేయాలి, నాన్న "ఇవ్వకు" అన్నాడు. వినక్కర్లేదు. అయితే మొహం మీద "నువ్వు చేసేది తప్పు" అనకూడదు. "నాన్నా, తోరాలో ఇలా రాసి ఉంది కదా" అనాలి.

పెళ్ళి సంగతి మనవాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది. కొడుకు కోరుకున్న అమ్మాయిని తండ్రి వద్దంటే కొడుకు వినాల్సిన పని లేదని రెమా రాశాడు. ఈ తీర్పు 15వ శతాబ్దపు ఇటలీ రబ్బీ యోసెఫ్ కోలోన్ నుంచి వచ్చింది. ఎందుకంటే, ముందు చూసినట్టు, గౌరవమంటే తండ్రికి తిండి, బట్ట, చేయూత. ఆ పట్టికలో "ఆయన ఎంచిన పిల్లను చేసుకోవడం" లేదు. పెళ్ళి కొడుకు జీవితం, తండ్రి ఒంటికి సంబంధించింది కాదు. తర్వాతి కాలంలో కొందరు దీనికి హద్దు పెట్టారు: ఆ సంబంధం తండ్రికి నిజంగా అవమానం తెచ్చేదైతే ఆలోచించాలని. కానీ "నిజంగా అవమానం" అంటే ఏమిటి, ఎవరు తేల్చాలి అన్న దగ్గర మళ్ళీ మొదటికే వస్తాం. ఒకటి గమనించాలి, ఈ వెసులుబాటు యూదు ధర్మం లోపలి పెళ్ళిళ్ళకే. మతాంతర వివాహానికి సంప్రదాయవాదులు దీన్ని వర్తింపజేయరు.

## తండ్రే చెడ్డవాడైతే

ఇది అన్నింటికన్నా ముడిపడిన చోటు. తండ్రి దుర్మార్గుడైనా, పాపాలు చేసేవాడైనా గౌరవించాలని రంబాం, షుల్ఖాన్ ఆరుఖ్ చెబుతాయి. రెమా పక్కనే ఇంకో అభిప్రాయం చేర్చాడు: పశ్చాత్తాపపడే దాకా గౌరవించే బాధ్యత లేదని కొందరంటారు. ఆ రెండో పక్షం కూడా అతన్ని బాధపెట్టడానికి మాత్రం అనుమతించదు.

కానీ ఈ పుస్తకాల్లో దుర్మార్గుడు అంటే ఎక్కువగా దేవుడి ఆజ్ఞలు మీరినవాడు. సొంత బిడ్డనే హింసించినవాడు ఆ మాటలోకి వస్తాడా? ఈ కాలపు రబ్బీలు చాలామంది తలపడుతున్న ప్రశ్న ఇదే. ఒక వైపు, ఆజ్ఞకు కారణం మేలు చేసినందుకు కృతజ్ఞత అయితే, మేలు స్థానంలో కీడు చేసినవాడికి అది ఎందుకు అంటారు. ఇంకో వైపు, దేవుడు, తండ్రి, తల్లి ముగ్గురూ మనిషి పుట్టుకలో భాగస్వాములని తాల్ముద్ అంది కాబట్టి, కారణం జన్మే, ప్రవర్తన కాదు అంటారు. మధ్యలో నిలబడేవాళ్ళ ఆచరణ ఇలా ఉంటుంది: బాధితురాలు ఆ ఇంటికి దూరంగా ఉండవచ్చు, ఫోన్ ఎత్తకపోవచ్చు, ఖర్చుకు కావలసింది వేరేవాళ్ళ చేత అందించవచ్చు. దీనికి కూడా ఆధారం రవ్ అస్సీ వెళ్ళిపోవడమే. రెండు పక్షాల్లో ఏది సరి అనేది పుస్తకం చదివి తేలదు, ఏ రబ్బీని అడిగారన్నదాని మీదా ఆధారపడుతుంది.

## పెద్దల వంతు

బాధ్యత ఒకవైపే లేదు. తండ్రి కొడుక్కి చేయాల్సినవాటిని కిద్దుషీన్ లెక్కపెట్టింది: సున్నతి, తొలిచూలు అయితే పూజారికి డబ్బిచ్చి విడిపించుకోవడం, తోరా నేర్పడం, పెళ్ళి చేయడం, ఒక చేతిపని నేర్పడం. ఈత నేర్పడం కూడా అని కొందరన్నారు, ప్రాణం నిలబడాలి కదా మరి. చేతిపని నేర్పనివాడు దొంగతనం నేర్పినట్టేనని రబ్బీ యెహూదా తేల్చేశాడు.

ఎదిగిన కొడుకును కొట్టే తండ్రిని వెలివేయాలని కూడా ఉంది. కొడితే కొడుకు తిరగబడతాడు, తిరగబడితే పాపం, కాబట్టి ఆ పాపానికి గొయ్యి తవ్వింది తండ్రే. ఇక తండ్రి తన గౌరవాన్ని వదులుకుంటే అది వదులుకున్నట్టే, కొడుక్కి ఆ బాధ్యత ఉండదు. పోట్లాట వచ్చిన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ చేతిలో ఉన్న తాళం చెవి ఇది. "నా కోసం ఉద్యోగం మానుకోనక్కర్లేదు, అక్కడే ఉండు" అని ఒక తల్లి మనస్ఫూర్తిగా అంటే, హలాఖా ప్రకారం అది ఉత్త మంచిమాటగా మిగలదు, దానికి విలువ ఉంటుంది.

## నీళ్ళు ముందు ఎవరికి

ఒక కుర్రాడు రబ్బీ ఎలియేజరును అడిగాడు: నాన్న నీళ్ళు అడిగాడు, అమ్మా అడిగింది, ముందు ఎవరికి? నాన్నకే, నువ్వూ మీ అమ్మా ఇద్దరూ ఆయన్ని గౌరవించాల్సినవాళ్ళే అన్నాడు. రబ్బీ యెహోషువ దగ్గరకు వెళ్ళినా అదే జవాబు. మరి వాళ్ళు విడాకులు తీసుకుంటే? ఆ రబ్బీ కుర్రాడి కళ్ళ వంక చూసి, నువ్వు విధవరాలి కొడుకువని తెలుస్తూనే ఉంది, ఒక గిన్నెలో నీళ్ళు పోసి కోళ్ళను పిలిచినట్టు ఇద్దర్నీ పిలువు అన్నాడు. తండ్రే లేనివాడు వేసిన ఊహా ప్రశ్న మీద ఎగతాళి ఇది, కొంచెం కటువుగా కూడా ఉంది. నియమం మాత్రం నిలిచింది: విడిపోయినవాళ్ళయితే ఇద్దరూ సమానం.

మొదటి జవాబు ఇప్పుడు చాలామంది యూదు స్త్రీలకు మింగుడుపడదు. పెళ్ళయిన కూతురికి కొన్ని బాధ్యతల్లో మినహాయింపు ఇవ్వడం కూడా అంతే, ఎందుకంటే అది ఆమె మీద భర్తకున్న హక్కు నుంచి వచ్చింది. కాలానికి తగ్గ మార్పులు ఒప్పుకునే రిఫార్మ్, కన్జర్వేటివ్ శాఖలు ఈ తేడాలను పక్కన పెట్టాయి. పాత నియమాలను గట్టిగా పట్టుకునే ఆర్థడాక్స్ శాఖ రబ్బీల్లో కొందరు, భర్త అడ్డు చెప్పకపోతే కూతురి బాధ్యత కొడుకుతో సమానమేనని మూలంలోనే ఉందని గుర్తుచేస్తారు.

## దీర్ఘాయుష్షు వస్తుందా

ఐదో ఆజ్ఞ పాటిస్తే దీర్ఘాయుష్షు అని వాక్యంలోనే మాట ఇచ్చారు. తల్లిపక్షిని వదిలేసి పిల్లలను తీసుకోమనే ఆజ్ఞకు కూడా అదే మాట. తాల్ముద్‌లో ఒక సంఘటన: తండ్రి చెప్పాడని ఒక కుర్రాడు నిచ్చెన ఎక్కాడు, తల్లిపక్షిని వదిలి పిల్లలను తీసుకున్నాడు, దిగుతూ పడి చనిపోయాడు. రెండు ఆజ్ఞలూ ఒకేసారి పాటించినవాడు. ఇలాంటిది చూసే ఎలీషా బెన్ అబూయా అనే పెద్ద పండితుడి విశ్వాసం పోయిందని అక్కడే రాశారు. ఆయన కూతురి కొడుకు రబ్బీ యాకోబు మాత్రం, ఆ దీర్ఘాయుష్షు ఈ లోకంలోది కాదు, రాబోయే లోకంలోది అని చదివాడు. మిష్నాలో ఇంకో దారి ఉంది: ఫలం కొంత ఇక్కడ, అసలు మొత్తం అక్కడ. ఇదంతా అయ్యాక ఎవరో, ఆ నిచ్చెన ఊగుతూ ఉందేమో అని కూడా అన్నారు.

## పోయిన తర్వాత

మిగతా దగ్గరివాళ్ళకు ముప్పై రోజుల సంతాపం, అమ్మానాన్నలకు మాత్రం 12 నెలలు. ఆ రోజుల్లో ప్రార్థనలో కద్దీష్ చదువుతారు. అందులో చావు ప్రస్తావనే ఉండదు, మొత్తం దేవుడి కీర్తనే. అయితే కద్దీష్ 12 నెలలు చదవరు, 11 నెలలకు ఆపేస్తారు. దుర్మార్గుల ఆత్మలకు శిక్ష 12 నెలలని ఒక నమ్మకం ఉంది, పూర్తిగా చదివితే మా నాన్న దుర్మార్గుడని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని ఒక నెల తగ్గించారు. ఆ తర్వాత ఏటా తిథి రోజున దీపం పెట్టి మళ్ళీ చదువుతారు, మన సంవత్సరీకాలు తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

కద్దీష్‌కు పదిమంది ఉండాలి. సంప్రదాయంలో పదిమంది మగవాళ్ళు, చదివేది కొడుకు. కొడుకుల్లేని ఇంట్లో ఇంకెవరైనా మగవాణ్ణి చదవమనేవారు. ఇప్పుడు కన్జర్వేటివ్, రిఫార్మ్ శాఖల్లో కూతుళ్ళు చదువుతారు. ఆర్థడాక్స్‌లో కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల ఒప్పుకోరు. ఈ వాదనలో ఎక్కువగా తలుచుకునేది అమెరికాలో హదస్సా అనే యూదు స్త్రీల సంస్థను స్థాపించిన హెన్రియెట్టా జోల్డ్ 1916లో రాసిన ఉత్తరం. ఆమె తల్లి పోయినప్పుడు ఒక కుటుంబ మిత్రుడు తాను కద్దీష్ చదువుతానని ముందుకొచ్చాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పి వద్దంది. మా అమ్మకు ఎనిమిదిమంది కూతుళ్ళు, ఒక్క కొడుకూ లేడు, నాన్న పోయినప్పుడు కూడా కూతుళ్ళ స్థానంలో ఇంకెవరూ కద్దీష్ చదవడానికి అమ్మ ఒప్పుకోలేదు, కాబట్టి మీకు వద్దని చెప్పడంలో నేను ఆవిడ మనసు ప్రకారమే నడుస్తున్నాను అని రాసింది.